రైల్వే స్టేషను వాస్తుచరిత్ర: ద్వారాలు చెప్పే సాక్ష్యం

వ్యాససంగ్రహం:

రైల్వే స్టేషన్లను గురించిన రచనలు సాధారణంగా గుమ్మటాలను, గోపురాలను, శైలి పేర్లను వర్ణించి ఆగిపోతాయి. ఒక స్టేషనులోకి ఎవరు ఏ ద్వారం గుండా ప్రవేశించారు, ఆ ద్వారాన్ని అలా నిర్ణయించిన కారణాలేమిటి అన్న ప్రశ్నతో ఈ వ్యాసం బయలుదేరుతుంది. మాంచెస్టర్, లండన్, బొంబాయి, న్యూయార్క్, హైదరాబాదు నగరాల్లోని కొన్ని స్టేషన్లను ఈ దృష్టితో పరిశీలిస్తుంది. వాస్తుశైలి కంటే ప్రవేశమార్గమే స్టేషను చరిత్రకు నమ్మదగిన ఆధారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రైల్వే వాస్తు, సెయింట్ పాంక్రాస్, విక్టోరియా టెర్మినస్, గ్రాండ్ సెంట్రల్, కాచిగూడ, వారసత్వ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

కోటకూ గుడికీ మహలుకూ వేల ఏళ్ల పూర్వరూపాలున్నాయి. రైల్వే స్టేషనుకు లేవు. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైనప్పుడు, ప్రయాణికులు రైలు కోసం వేచి ఉండే కట్టడం ఎలా ఉండాలో చూసి నేర్చుకోవడానికి ముందటి నమూనా ఏదీ లేదు. మాంచెస్టర్‌లోని లివర్‌పూల్ రోడ్ స్టేషను ఈనాటికీ నిలిచి ఉంది. వీధిలోంచి చూస్తే అది ఆ కాలపు సంపన్న గృహస్థుని ఇల్లులా కనిపిస్తుంది. తెలియని వస్తువును తెలిసిన రూపంలో చూపడం కొత్త సాంకేతికత తొలిదశలో సహజమే. అయితే ఆ ఇంటికీ మామూలు ఇంటికీ ఒక భేదం ఉంది. దానికి రెండు ప్రవేశాలున్నాయి. ప్రథమ తరగతి వారిది ఒకటి, ద్వితీయ తరగతి వారిది మరొకటి. టిక్కెట్టు కొనే గదులూ వేరే. ప్రథమ తరగతి ద్వారానికి దక్కిన అలంకారం రెండోదానికి దక్కలేదు.

స్టేషను పుట్టిన రోజునే మనుషులను విడదీసే పని కూడా దానికి అప్పగించారన్న మాట. గోపురాలు, గడియారాలు, గాజుకప్పులు తరువాత వచ్చాయి. ఈ కారణంగానే స్టేషను వాస్తును పైనుంచి కిందికి కాక, గడప నుంచి పైకి చదవాలన్నది నా అభిప్రాయం.

2. ముఖభవనం, షెడ్డు

పెద్ద స్టేషనుకు రెండు భాగాలుంటాయి. వీధివైపు నిలిచే భవనం ఒకటి. దాని వెనుక పట్టాలపైనా ప్లాట్‌ఫారాలపైనా పరచుకున్న కప్పు, అంటే షెడ్డు, రెండోది. మొదటిది వాస్తుశిల్పి పని, రెండోది ఇంజనీరు పని. పందొమ్మిదో శతాబ్దమంతా ఈ ఇద్దరి మధ్య ఒక మౌనవివాదం నడిచింది. 1837లో లండన్ యూస్టన్ స్టేషను ముందు ఫిలిప్ హార్డ్‌విక్ గ్రీకు దేవాలయ ద్వారం వంటి భారీ రాతికట్టడం నిలిపాడు. దానికీ రైలుకూ నిర్మాణపరంగా ఏ సంబంధమూ లేదు. 1852లో కింగ్స్ క్రాస్ స్టేషను కట్టిన లూయిస్ క్యూబిట్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. వెనుక రెండు షెడ్లున్నాయి కనుక ముందుగోడలో రెండు పెద్ద కమానులు పెట్టాడు. ఒకటి వెళ్లే రైళ్లది, మరొకటి వచ్చే రైళ్లది. లోపలున్నదే బయట కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులు కింగ్స్ క్రాస్‌ను మెచ్చుకున్నది ఈ నిజాయితీకే.

ఆ కింగ్స్ క్రాస్ పక్కనే, ఒక వీధి ఎడంలో, ముఖభవనం షెడ్డుతో పోటీపడిన సుప్రసిద్ధ ఉదాహరణ ఉంది.

3. సెయింట్ పాంక్రాస్: బీరుపీపా కొలమానం

మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ లండన్‌లో తన సొంత టెర్మినస్ కట్టుకోవాలని 1860లలో తలపెట్టింది. దారిలో రీజెంట్ కాలువ అడ్డు ఉంది. పట్టాలను కాలువ కింది నుంచి తేవచ్చు, పైనుంచి తేవచ్చు. ఇంజనీరు విలియం హెన్రీ బార్లో పైనుంచి తెచ్చాడు. దాంతో స్టేషను చేరేసరికి పట్టాలు వీధిమట్టానికి బాగా ఎత్తున నిలిచాయి. ఆ ఎత్తు కింద మిగిలిన ఖాళీని మట్టితో పూడ్చేస్తే సరిపోయేది. కంపెనీ అలా చేయలేదు. ట్రెంట్ నది ఒడ్డున ఉన్న బర్టన్ పట్టణం బీరు తయారీకి పేరుపొందింది. ఆ బీరు లండన్‌కు చేరేది మిడ్‌లాండ్ మార్గంలోనే. అందుచేత కింది ఖాళీ పీపాల గోదాముగా మారింది. పై పట్టాల బరువు మోయడానికి 800కు పైగా ఇనుప స్తంభాలు నిలిపారు. వాటి మధ్య దూరం నిర్ణయించడానికి బార్లో తీసుకున్న ప్రమాణం బీరుపీపా. వరుసలో ఎన్ని పీపాలు పడతాయో లెక్కవేసి స్తంభాలను సుమారు 14 అడుగుల 8 అంగుళాల ఎడంలో పెట్టారు. గ్రీకు దేవాలయంలో స్తంభం మందం ఎలా కొలమానమో ఇక్కడ పీపా అలా కొలమానం.

స్తంభాలున్నచోటే నేల బలంగా ఉంటుంది. పైకప్పును మోసే స్తంభాలను ప్లాట్‌ఫారాల మధ్య దింపితే వాటి బరువు కోసం కింద పీపాల వరుసలు చెదరగొట్టాలి. అందుకే బార్లో పైన మధ్యస్తంభమే లేకుండా, ఇవతలి అంచు నుంచి అవతలి అంచు వరకు, సుమారు 240 అడుగుల వెడల్పున ఒకే ఇనుపకమాను వేశాడు. కమాను పాదాలు బయటికి జారకుండా పట్టి ఉంచే బంధం మనకు కనిపించదు. ప్లాట్‌ఫారం నేలను మోసే దూలాలే ఆ బంధం. 1868 అక్టోబరు 1న స్టేషను ప్రారంభమైనప్పుడు, ఒకే కమాను కింద అంత విశాలమైన స్థలం ప్రపంచంలో మరెక్కడా లేదు. ఆ అద్భుతం వెనుక ఉన్నది సౌందర్యకాంక్ష కాదు, గోదాము లెక్క. వాస్తుచరిత్ర పాఠాలు దీన్ని విక్టోరియా యుగపు ఉత్సాహానికి ప్రతీక అని ముగించడం నాకు ఎప్పుడూ తొందరపాటుగానే తోస్తుంది.

షెడ్డు ముందు నిలిచిన మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రచన. ఎర్ర ఇటుక, కోసుగా తేలిన గోథిక్ కమానులు, గడియారపు గోపురం. 1873లో దాని తలుపులు తెరిచారు, 1876కు మొత్తం పూర్తయింది. లిఫ్టులు ఉన్నాయి; వందలాది గదులున్నా స్నానాల గదులు మాత్రం బహుకొద్ది. మరో రెండు తరాలకు అతిథుల అవసరాలు మారాయి, 1935లో హోటల్ మూతపడింది.

ఈ వైభవానికి చోటెలా వచ్చింది? ఏగర్ టౌన్ అనే పేదల వాడను కంపెనీ కూల్చివేసింది. అక్కడివారు వారం అద్దెకు ఉండేవాళ్లు కనుక వారికి నష్టపరిహారం లేదు. పాత సెయింట్ పాంక్రాస్ చర్చి శ్మశానం మీదుగా కూడా పట్టాలు వెళ్లాయి. అక్కడి సమాధులు తవ్వి తరలించే పనిని పర్యవేక్షించినవారిలో ఒక యువ వాస్తుసహాయకుడున్నాడు. తరువాత నవలాకారుడైన థామస్ హార్డీ అతడే.

అదే కంపెనీ 1872లో తన రైళ్లన్నింటిలోకి మూడో తరగతి ప్రయాణికులను అనుమతించింది. 1875లో రెండో తరగతినే ఎత్తివేసి, మూడో తరగతి పెట్టెలను ఆ స్థాయికి పెంచింది. తోటి కంపెనీలు ఆగ్రహించాయి, ఆ తరువాత అనుసరించాయి. వాడలను నిర్దాక్షిణ్యంగా కూల్చిన సంస్థే పేద ప్రయాణికునికి మెత్తని ఆసనం వేసింది. టిక్కెట్టు కొన్నవాడు ఆదాయం, కొననివాడు అడ్డంకి. కంపెనీ చూపులో ఈ రెండు పనుల మధ్య వైరుధ్యమేమీ ఉండి ఉండదు.

4. బొంబాయి: ఎవరి సొమ్ము, ఎవరి సోకు

భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు నడిచింది. దక్షిణాదిలో తొలి రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి బయలుదేరింది. పెద్దసంఖ్యలో తెలుగువారున్న ఆ నగరంలో రాయపురం స్టేషను భవనం ఇప్పటికీ ఉంది. బోరీబందర్ తొలి స్టేషను మాత్రం లేదు. ఆ చోటే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1878లో కొత్త టెర్మినస్ కట్టడం మొదలుపెట్టింది.

దాని వాస్తుశిల్పి ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. నిర్మాణం పదేళ్లు పట్టింది. ఖర్చు సుమారు 16 లక్షల రూపాయలు. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం నాడు ఆమె పేరు పెట్టారు. సెయింట్ పాంక్రాస్‌తో దీన్ని పోల్చడం పరిపాటి. పోలిక ఉన్న మాట నిజమే గాని, భేదమే ఎక్కువ గమనార్హం. లండన్‌లో ముఖభవనం హోటల్. బొంబాయిలో అది కంపెనీ ప్రధాన కార్యాలయం. ఒకటి అతిథిని పిలుస్తుంది, మరొకటి అధికారాన్ని ప్రకటిస్తుంది. నడిమి గుమ్మటం మీద అభివృద్ధికి ప్రతీకగా స్త్రీమూర్తి. గేటు స్తంభాల మీద బ్రిటన్‌కు సంకేతంగా సింహం, భారతదేశానికి సంకేతంగా పులి. రాతిలో చెక్కిన ఆకులు, నెమళ్లు, కోతులు, ఇతర జంతువుల పని బొంబాయి కళాశాల విద్యార్థులది. వారికి మార్గదర్శి జాన్ గ్రిఫిత్స్. గ్రిఫిత్స్ పేరు, స్టీవెన్స్ పేరు ప్రతి పుస్తకంలో కనిపిస్తాయి. ఉలి పట్టిన విద్యార్థులు ఎప్పుడూ "విద్యార్థులు" అన్న బహువచనంలోనే కనిపిస్తారు.

ఈ భవనాన్ని మన పర్యాటక పుస్తకాలు "ఇండో–సారసెనిక్" అని రాయడం తరచుగా చూస్తాం. అది సరికాదు. దీని అస్థిపంజరం ఇటలీ మార్గంలో నడిచిన విక్టోరియన్ గోథిక్. భారతీయ మహళ్ల జ్ఞాపకం దాని శిఖరరేఖలోనూ ప్రణాళికలోనూ కలిసింది. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా ఈ కలయికను బట్టే.

శైలి కంటే లోతైన ప్రశ్న పెట్టుబడిది. 1849 ఒప్పందం ప్రకారం ఈ కంపెనీ వాటాదారులకు 5 శాతం వడ్డీ హామీ ఉంది. లాభం అంతకు తగ్గితే లోటు భర్తీ చేయవలసింది భారతదేశపు రాబడి నుంచే. వైభవమంతా పన్నుల సొమ్ముతోనే కట్టారనడం అతిశయోక్తి అవుతుంది. మూలధనం ఎక్కువగా బ్రిటన్ వాటాదారులది. కాని దానికి జామీను ఉన్నది ఇక్కడి రైతు. నష్టభయం లేని పెట్టుబడికి పొదుపు అవసరం లేదు. పునాది పడిన కాలం కూడా గమనించాలి. 1876–78 మధ్య దక్కన్‌ను, మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను మహాక్షామం పీల్చిపిప్పి చేసింది. తెలుగువారు దాన్ని ధాత కరువు అన్నారు. ఆ కరువు చివరి ఏడాదే ఈ నిర్మాణం మొదలైంది. ఇది యాదృచ్ఛికమే. అయినా పర్యాటకుని చూపులో గోపురమే పడుతుంది. చరిత్రకారుని చూపులో ఈ రెండు తేదీలూ పక్కపక్కన పడాలి.

లోపలికి నడిచేవారిలో అత్యధికులు మూడో తరగతి వాళ్లు. మిడ్‌లాండ్ కంపెనీ లండన్‌లో రెండో తరగతిని ఎత్తివేసిన తరువాత కూడా భారతదేశంలో మూడో తరగతి అవమానంగానే కొనసాగింది. 1917లో గాంధీజీ దాని మీద ప్రత్యేకంగా ఒక కరపత్రం వెలువరించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించవచ్చు. కంపెనీల టిక్కెట్టు రాబడిలో సింహభాగం ఆ తరగతిదే. సింహం ఏ వైపు గేటు మీద కూర్చుందో చెప్పనే చెప్పాను.

5. న్యూయార్క్: షెడ్డు మాయమైన తీరు

1902 జనవరిలో న్యూయార్క్ పార్క్ అవెన్యూ సొరంగంలో ఆవిరియంత్రాల పొగ కమ్మి, సంకేతం కనబడక ఒక రైలు మరొకదాన్ని ఢీకొట్టింది. 15 మంది మరణించారు. నగరంలో ఆవిరి ఇంజన్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. రైల్వే ఇంజనీరు విలియం విల్గస్ ఈ విపత్తులో ఒక దారి చూశాడు. విద్యుత్ రైలుకు పొగ లేదు. పొగ లేకపోతే ఎత్తైన షెడ్డు అక్కరలేదు. పట్టాలను రెండు అంతస్తులుగా భూమిలోకి దించి, పైన ఖాళీ అయిన ఆకాశాన్ని కట్టడాలకు అమ్ముకోవచ్చు. అమెరికన్ నగరాల్లో గగనతల హక్కుల వ్యాపారానికి ఇది తొలి పెద్ద ప్రయోగం.

1913 ఫిబ్రవరి 2న ప్రారంభమైన గ్రాండ్ సెంట్రల్‌లో షెడ్డుకు బదులు నక్షత్రపటం చిత్రించిన కప్పు కింద ఒక మహాశాల మిగిలింది. దీని ద్వారాల విశేషం మెట్లు కాదు, వాలుదారులు. పెట్టెలు మోసేవారు, పిల్లలను నడిపించేవారు తడబడకుండా వీధి నుంచి రైలు దాకా జారినట్టు నడవాలని ర్యాంపులు వేశారు. మెట్టు ఎక్కలేనివారికి స్టేషను ఎలా ఉండాలన్న ఆలోచన వందేళ్ల కిందటే ఇంత స్పష్టంగా ఆచరణకు రావడం నాకు దాని నక్షత్రాల కంటే గొప్పగా కనిపిస్తుంది.

అదే నగరంలోని పెన్సిల్వేనియా స్టేషను కథ వేరు. 1910లో పురాతన రోమన్ స్నానశాలల నమూనాలో కట్టిన దాన్ని 1963లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ రాళ్లు పక్క రాష్ట్రపు చిత్తడినేలల్లో పడ్డాయి. నగరం ఉలిక్కిపడి 1965లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం చేసుకుంది. ఆ చట్టబలంతోనే 1978లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాండ్ సెంట్రల్ మీద ఆకాశహర్మ్యం కట్టకుండా ఆపింది. లండన్‌లోనూ ఇదే క్రమం. యూస్టన్ ద్వారం 1961–62లో పోయింది. ఆ బాధే 1967లో సెయింట్ పాంక్రాస్‌ను కాపాడింది. ప్రతిచోటా రెండోది బతకడానికి మొదటిది చావవలసి వచ్చింది.

2007లో సెయింట్ పాంక్రాస్‌కు యూరప్ రైళ్లు వచ్చాయి. ప్రయాణికులు ఇప్పుడు లోపలికి వచ్చేది బీరుపీపాల గోదాములోంచే. ఒకప్పుడు సరుకుల దారిగా ఉన్నది మనుషుల ద్వారమైంది.

6. కాచిగూడ: పోతపోసిన ఘనత

నిజాం రాజ్యానికి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. 1883లో ఇక్కడ కూడా 5 శాతం హామీతో, 20 ఏళ్ల గడువుతో కొత్త కంపెనీ ఏర్పడింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోనే ఆ హామీ ఉంది. చాందా రైల్వే పథకం షరతులను బహిరంగంగా ప్రశ్నించినందుకు ఆ ఏడాదే అఘోరనాథ చటోపాధ్యాయను రాజ్యం నుంచి బహిష్కరించారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. రైలు ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో అన్న చర్చ హైదరాబాదు ఆధునిక రాజకీయ చైతన్యానికి తొలిమెట్లలో ఒకటి. తెలంగాణ చరిత్రలో దీనికి ఇంకా తగినంత చోటు దక్కలేదు.

కాచిగూడ స్టేషను 1916 నాటిది. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్ దీన్ని రూపొందించాడు. హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి భవనాల్లోనూ ఆయన చేయి ఉంది. నడుమ గుమ్మటం, పక్కల ఛత్రులు, మినార్లు. ఇక్కడ "ఇండో–సారసెనిక్" అన్న మాట వాడవచ్చు. అయితే ఈ భవనంలో కనిపించేదంతా శిల్పి ఉలిపని కాదు. ముందే అచ్చుల్లో పోతపోసిన ఇనుపకాంక్రీటు భాగాలతో దీన్ని కూర్చారు. మొదటిసారి విద్యార్థులతో వెళ్లినప్పుడు కమాను అంచును తడిమి రాతిపని గురించి ఐదు నిమిషాలు ప్రసంగించాను. తరువాత చదువుకొని, మరుసటి తరగతిలో సవరించుకున్నాను. లండన్‌లో విడిపోయిన వాస్తుశిల్పి, ఇంజనీరు ఈ చిన్న స్టేషనులో ఒకే మనిషిలో కలిశారు. మొఘల్ రూపం, పోత కాంక్రీటు రెండూ ఒకే నిర్ణయం.

ద్వారాల మాటకు వస్తే, కాచిగూడలో పక్క హాళ్లు పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకించారు. మాంచెస్టర్‌లో విభజన డబ్బును బట్టి, ఇక్కడ మర్యాదను బట్టి. దీన్ని వెనుకబాటు అని కొట్టివేయడం సులువు. ఆ హాళ్లు లేకపోతే ఆ స్త్రీలలో ఎందరో రైలెక్కేవారే కాదు. అడ్డుతెర వాళ్లను ప్రజాస్థలం నుంచి వేరుచేసింది, ప్రజాస్థలంలోకి తెచ్చింది కూడా. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా వివరణ సగమే అవుతుంది.

2025లో సికింద్రాబాదు స్టేషను పాత ముఖభవనాన్ని పునరభివృద్ధి కోసం కూల్చివేశారు. పెరిగిన రద్దీకి కొత్త భవనం కావాలన్న వాదనను కాదనలేం. సెయింట్ పాంక్రాస్ కూడా మారకుండా బతకలేదు. కాని అక్కడ మార్చేముందు ప్రతి స్తంభాన్నీ కొలిచి, నమోదు చేసి, దేన్ని ఏ పనికి మళ్లించవచ్చో ఆలోచించారు. మన దగ్గర కాచిగూడ, రాయపురం వంటివి మిగిలి ఉన్నాయి. వాటి గుమ్మటాలకు రంగురంగుల దీపాలు పెట్టడం పరిరక్షణ అనిపించుకుంటున్నది. దీపం ముఖాన్ని చూపిస్తుంది. పక్క హాలు ఎటు తెరుచుకునేదో, గుర్రపుబండి ఎక్కడ ఆగేదో, మూడో తరగతి టిక్కెట్టు కిటికీ ఏ గోడలో ఉండేదో చూపించదు.

ఆ గోడలు ఉన్నంతలోనే చేయవలసిన పని ఇది. ప్రణాళికలు గీయాలి, మూసేసిన ద్వారాల ఆనవాళ్లు ఫొటోలు తీయాలి. అన్నింటికన్నా ముందు, నాయనమ్మలతోనో అమ్మమ్మలతోనో కాచిగూడలో రైలెక్కిన జ్ఞాపకం ఉన్న పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఏ వైపు నుంచి లోపలికి వెళ్లారో అడిగి రాసుకోవాలి. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన పరిశోధకుడు ఒక వేసవి సెలవు వెచ్చిస్తే ఈ పనికి చాలు.